చదవటం, అర్థం కావటం, అప్పజెప్పటం

మన సాహిత్య విమర్శ రచయిత గురించి చాలా మాట్లాడింది. రచయిత దృక్పథం, నిబద్ధత, వర్గ స్వభావం, వస్తువు, శిల్పం - వీటిమీద దశాబ్దాలుగా జరిగిన చర్చ తక్కువది కాదు. పాఠకుడి గురించి మాట్లాడింది మాత్రం చాలా తక్కువ. ఒక రచన పాఠకుణ్ణి 'ఆలోచింపజేస్తుంది' అని తేలిగ్గా రాసేస్తాం. ఏ పాఠకుణ్ణి? ఏ వాక్యం దగ్గర? ఆ ఆలోచనను మనలో ఎవరైనా విన్నామా?

పాఠకుడు తయారయ్యేది బడిలో. పదో తరగతి దాటాక మళ్లీ సాహిత్యం ముట్టనివాళ్లే మన సమాజంలో ఎక్కువమంది. వాళ్లకి తెలిసిన వేమన, గురజాడ, జాషువా అందరూ తెలుగు వాచకంలో కనిపించినవాళ్లే. అందుచేత బడిపిల్లవాడికి చదివింది అర్థమయిందో లేదో మనం ఎట్లా తెలుసుకుంటున్నాం అన్న ప్రశ్నను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలకి వదిలేసి ఊరుకోవటానికి వీల్లేదు. అది సాహిత్య విమర్శ వేసుకోవలసిన ప్రశ్న కూడా.

ఇప్పుడు మనకు వున్న కొలమానాలు రెండే. ఒకటి, పైకి చదివించటం. పిల్లవాడు తడుముకోకుండా చదివితే 'చదువు వచ్చు' అంటాం. రెండోది, పాఠం చివర ప్రశ్నలకి జవాబులు రాయించటం. రాసిన జవాబు గైడులోని జవాబుకి ఎంత దగ్గరగా వుంటే అన్ని మార్కులు. మొదటిది నోటికి పెట్టే పరీక్ష. రెండోది జ్ఞాపకశక్తికి పెట్టే పరీక్ష. చదువుతున్నప్పుడు పిల్లవాడి బుర్రలో ఏం జరిగింది అన్నది ఈ రెంటిలోనూ ఎక్కడా బయటపడదు.

'ప్రథమ్' సంస్థ 2005 నుంచి గ్రామీణ ప్రాంతాల్లో 'అసర్' పేరుతో సర్వేలు చేస్తున్నది. రెండో తరగతి స్థాయి పాఠాన్ని అయిదో తరగతి పిల్లల్లో దాదాపు సగంమందే చదవగలుగుతున్నారని 2018 నివేదిక చెప్పింది. ఆ లెక్క విలువను నేను కాదనను. అది లేకపోతే ఎంతోమంది పిల్లల నిరక్షరాస్యత హాజరు పట్టీల వెనక దాగివుండేది. కానీ అందులో కొలిచింది ప్రధానంగా పైకి చదవటాన్ని. 2021లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన 'నిపుణ్ భారత్' మూడో తరగతి పూర్తయ్యేసరికి నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. అరవై మాటలు లెక్కపెట్టటానికి గడియారం చాలు. 'అర్థం చేసుకుంటూ' అన్నదాన్ని లెక్కపెట్టే గడియారం లేదు. కనుక తనిఖీకి వచ్చినవాళ్ల కాగితంలో అరవై మిగులుతుంది, అర్థం జారిపోతుంది. పైగా తెలుగులో 'వెళ్లలేకపోతున్నానన్నాడు' అనేది ఒకే మాట. అన్ని భాషల పిల్లలకీ మాటల లెక్కన ఒకే గీత గీయటం ఎంతవరకు న్యాయమో భాషాశాస్త్రం తెలిసినవాళ్లు చెప్పాలి.

ఈ రెండు కొలమానాలకి భిన్నమైన పద్ధతి ఒకటి వుంది. దాన్ని 'థింక్ అలౌడ్' అంటారు. తెలుగులో 'పైకి ఆలోచించటం' అనుకుందాం. పిల్లవాడు కాస్త చదివి ఆగుతాడు. ఆ క్షణాన తన మనసులో ఏం మెదిలిందో పైకి చెబుతాడు. మళ్లీ చదువుతాడు. వినేవాడు సరిదిద్దడు, మెచ్చుకోడు, చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాడు. అంతే.

దీని వెనక వందేళ్ల ఆలోచన వుంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు థార్న్‌డైక్ 1917లోనే, ఒక పేరా అర్థం చేసుకోవటం గణితంలో లెక్క చేయటంలాంటిదని, అందులో ప్రతి మాటకీ ఎంత బరువివ్వాలో పాఠకుడు తూచుకోవాలని పిల్లల తప్పు జవాబుల ఆధారంగా వాదించాడు. సాహిత్య రంగంలో ఐ.ఏ. రిచర్డ్స్ కేంబ్రిడ్జిలో విద్యార్థులకి కవుల పేర్లు చెప్పకుండా 13 పద్యాలిచ్చి, వాటిమీద వాళ్లేమనుకున్నారో రాయించి, ఆ రాతలను 1929లో 'ప్రాక్టికల్ క్రిటిసిజం'లో విశ్లేషించాడు. మంచి చదువులు చదివినవాళ్లు సైతం పద్యంలో లేనిది చదివి, వున్నది వదిలేశారని తేలింది. ఎరిక్సన్, సైమన్‌లు 1980లో ఒక వ్యాసంలోనూ, 1984లో ఒక గ్రంథంలోనూ, మనిషి పని చేస్తూ పైకి చెప్పిన మాటలు ఏ షరతుల మీద సాక్ష్యంగా చెల్లుతాయో నిర్ధారించే ప్రయత్నం చేశారు. పఠనం మీద అట్లా సేకరించిన సాక్ష్యాలను ప్రెస్లీ, అఫ్లర్‌బాక్ 1995లో ఒకచోట చేర్చారు.

సిద్ధాంతం ఇంతవరకు చాలు. నేను పనిచేస్తున్నది ఉత్తరాంధ్రలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల. తొమ్మిదో తరగతి పిల్లలతో ఈ పద్ధతిని నేను చేసి చూశాను. అక్కడ జరిగిందే ఈ వ్యాసానికి కారణం.

వాచకంలోని పాఠమయితే గైడు అడ్డు వస్తుంది. అందుకని గురజాడ 'దిద్దుబాటు' జిరాక్సు తీసి ఇచ్చాను. 1910లో అచ్చయిన ఈ కథ సంగతి పాఠకులకి కొత్తగా చెప్పనక్కరలేదు. సానిపాటకి పోయి అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన గోపాలరావుకి భార్య కమలిని కనపడదు, ఉత్తరం కనపడుతుంది. నౌకరు రాముడితో సంభాషణ జరుగుతుంది. చివరికి కమలిని మంచం కింద నుంచి నవ్వుతుంది. పైకి ఆలోచించటానికి ఇంతకంటే అనువైన కథ తెలుగులో అరుదు. ఎందుకంటే కమలిని ఇంట్లోనే వున్న సంగతి కథకుడు ముందుగా చెప్పడు. పాఠకుడు దాన్ని ఎక్కడ పసిగడతాడో వినవచ్చు.

కథలో అయిదు చోట్ల పెన్సిలుతో గీతలు గీశాను. ముందు నేనే వేరే కథలో ఒక పేరా వాళ్ల ఎదుట చదివి, నా మనసులోది చెప్పాను. 'ఈ వాక్యం నాకు తెలియలేదు, మళ్లీ చదువుతాను' అని కూడా అన్నాను. పిల్లలు నవ్వారు. మాస్టారుకి తెలియకపోవటం వాళ్లెప్పుడూ చూడలేదు. తర్వాత ఒక్కొక్కరినీ గ్రంథాలయం గదిలో కూర్చోబెట్టి విన్నాను. నేనడిగింది ఒకటే: 'ఇప్పుడేమనుకుంటున్నావు?'

ఇద్దరి సంగతే చెబుతాను.

మొదటిది మా తరగతిలో మొదటి మార్కు తెచ్చుకునే అమ్మాయి. ఊళ్లో చిల్లర కొట్టు నడిపేవాళ్ల పిల్ల. ధారాళంగా చదువుతుంది. మొదటి గీత దగ్గర, 'ఇది స్త్రీ విద్య గొప్పతనం చెప్పే కథ మాస్టారూ' అంది. రెండో గీత దగ్గర, 'గురజాడవారు గొప్ప సంఘసంస్కర్త' అంది. ఉత్తరం అయ్యాక కమలిని ఎక్కడుందనుకుంటున్నావని అడిగితే, 'పుట్టింటికి వెళ్లింది' అంది. అప్పటికి అది సరయిన జవాబే. ఉత్తరం అట్లాగే నమ్మిస్తుంది. కథంతా పూర్తయింది. ఇప్పుడెక్కడుందని మళ్లీ అడిగాను. 'పుట్టింట్లోనే మాస్టారూ.'

చివరి వాక్యాన్ని ఆమె ఒక్క అక్షరం పోకుండా చదివింది. కానీ ఆ వాక్యంలో గురజాడ వ్యవహారం విడిచి, పద్యపు పోకడ పోయి, సంస్కృత సమాసాలతో నవ్వునీ గాజుల చప్పుడునీ వర్ణించాడు. ఆ సమాసాలు ఆమె నోటికి అందాయి, మనసుకి అందలేదు. కథ మొత్తం ఆ ఒక్క వాక్యంలో తిరగబడింది. ఆమెకి తిరగబడలేదు. 'తెలియకపోతే తెలియలేదని చెప్పవచ్చమ్మా' అన్నాను. ఆమె నా మొహంకేసి చూసి, 'అలాగంటే మార్కులు పోవా మాస్టారూ?' అని అడిగింది.

రెండోవాడు హాజరు పట్టీలో చివరి పేర్లలో ఒకడు. తండ్రి ఒకప్పుడు కంబారి. ఇప్పుడు చెన్నపట్నంలో ఇళ్ల కట్టుబడి పనికి పోతున్నాడు. ఏడాది మొదట్లో జరిగిన చదువు పరీక్షలో వీడు నిమిషానికి చదవవలసినన్ని మాటలు చదవలేదు. పట్టికలో వాడి పేరు ఎదురుగా 'చదవలేడు' అని రాసింది నేనే.

మొదటి గీత దగ్గర ఆగి, 'ఒంటిగంటకొచ్చినాడు. ఎక్కడికెల్లినాడో సెప్పలేదు. ఆనక సెప్తాడేమో' అన్నాడు. కథనం దగ్గర తడబడ్డాడు, రాముడి మాటల దగ్గర తడబడలేదు. అవి వాడి ఇంటి మాటలు. సంకలనాల్లో మనం చదివే ప్రతిలో గోపాలరావు కోపంతో రాముడి వీపు మీద గుద్దుతాడు, వాడు కూలబడతాడు, ఈయన పశ్చాత్తాపపడి లేవదీస్తాడు. అక్కడ నేను గీత గీయలేదు. కుర్రవాడు తనంతట తనే ఆగిపోయాడు. కొంతసేపు ఊరుకుని అన్నాడు: 'తెల్దంటే గుద్దీసినాడేటి మాస్టారూ? ఆడేటి సేసినాడు? గుద్దీసి ఆనక లేపితే సరిపోద్దేటి? మా అయ్యని మేస్త్రీ ఇలాగే తిట్టీసి, సాయంత్రం టీకి డబ్బులిస్తాడు.'

ఉత్తరం దగ్గర కమలిని గురించి అడిగాను. 'ఇంట్లోనే ఉంటాది. ఈడేటి సేస్తాడో సూడాలి గదా. ఎల్లిపోతే ఎలాగ సూస్తాది? మా అప్ప కూడా ఓపాలి అలిగి గాదె ఎనకాల దాక్కుంది' అన్నాడు. చివరి వాక్యం వాడూ సరిగా చదవలేకపోయాడు. సమాసాల దగ్గర రెండుసార్లు పడి లేచాడు. కానీ 'మంచం' అన్న మాట పట్టుకుని, 'నాను సెప్పినాను గదా మాస్టారూ!' అని ఎగిరాడు.

ఈ ఇద్దరికీ పాత పద్ధతిలో మార్కులు వేద్దాం. 'దిద్దుబాటు కథలోని సందేశమేమి?' అని ప్రశ్న ఇస్తే అమ్మాయికి నిండా మార్కులు. కుర్రవాడికి రెండు వాక్యాలు, నాలుగు అక్షర దోషాలు, సున్నాకి దగ్గరగా ఏదో ఒకటి. గడియారం పెట్టి చదివిస్తే అమ్మాయి పైన, కుర్రవాడు కింద. కానీ జరిగిన పఠనమేమిటి? ఒకరు అచ్చయిన కాగితాన్ని చదివారు, ఒకడు కథను చదివాడు. ఊహించటం, ఆ ఊహకి కారణం చూసుకోవటం, పాత్ర ఉద్దేశాన్ని పట్టుకోవటం, తన బతుకుతో కలిపి చూడటం, చివర ఊహని సరిచూసుకోవటం - నిపుణుడయిన పాఠకుడు చేసే పనులన్నీ 'చదవలేడు' అని నేను రాసిన కుర్రవాడు చేశాడు.

పొరపాటు పడకూడదు. ధారాళంగా చదవటం అక్కర్లేదని నేను అనటం లేదు. కూడబలుక్కుని చదివేవాడి శక్తి అంతా అక్షరాలకే ఖర్చవుతుంది, పొడుగు పాఠంలో వాడు అలిసిపోతాడు. ఈ కుర్రవాడికి చదివే అభ్యాసం కావాలి. కానీ వాడికి కావలసింది ఏమిటో, అమ్మాయికి కావలసింది ఏమిటో వేరు వేరు. ఆ తేడా తెలియకుండానే నేను పదిహేనేళ్లకి పైగా మార్కులు వేశాను.

ఇంకొకటి ఒప్పుకోవాలి. తెలుగులో ఎం.ఏ. చదివినవాణ్ణి. 'దిద్దుబాటు' మీద చాలా విమర్శ చదివాను, పాఠంగా చెప్పాను. స్త్రీ విద్య, వేశ్యా వ్యామోహం, కథానిక శిల్పం, వ్యావహారిక భాష - ఇవన్నీ చెప్పాను. నౌకరు వీపు మీద పడిన దెబ్బ దగ్గర నేను ఒక్కనాడూ ఆగలేదు. అది నాకు హాస్యంగానే కనపడింది. సంస్కరణ పొందవలసిన గోపాలరావు ఎవరి వీపు మీదుగా ఆ సంస్కరణకి నడిచాడన్న ప్రశ్న నాకు తట్టలేదు. అభ్యుదయ దృక్పథం వుందనుకునే విమర్శకుడికి తట్టనిది ఒక కూలివాడి కొడుక్కి తట్టింది. గురజాడను తగ్గించటానికి ఈ మాట అనటం లేదు. ఆ దెబ్బని కథలో పెట్టింది, రాముడి చేత వాడి మాటలోనే మాట్లాడించింది గురజాడే. చదవనిది మనం. రిచర్డ్స్ తన విద్యార్థుల రాతల్లో ప్రధానంగా పాఠకుడి లోపాలు వెతికాడు. మనం వెతకవలసింది ఆ లోపాల్ని తయారుచేసే బడినీ, భాషనీ, పరీక్షనీ కూడా.

భాష సంగతి తీసుకుంటే ఇది కొత్త గొడవ కాదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. పుస్తకాల భాష పిల్లల భాషకి దూరంగా వుంటే చదువు అప్పజెప్పటంగా మారిపోతుందన్న అనుభవం నుంచి ఆయన ఉద్యమం వచ్చింది. 1919లో 'తెలుగు' పత్రిక పెట్టి పోరాడాడు. సవరభాష నేర్చుకుని, సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే పుస్తకాలు రాశాడు. గ్రాంథికం పోయి చాలా కాలమయింది. కానీ పోయిన గ్రాంథికం స్థానంలో ఒక ప్రామాణిక భాష వచ్చి కూర్చుంది. కళింగాంధ్ర కూలివాడి కొడుకు 'ఏటి' అంటే ఇవాళ కూడా తరగతిలో నవ్వుతారు. అందుచేత పైకి ఆలోచించమన్నప్పుడు 'ఏ భాషలో?' అన్న ప్రశ్న ముందు వస్తుంది. పుస్తకాల తెలుగులో ఆలోచించమంటే వాడు మౌనంగా వుంటాడు. ఆ మౌనాన్ని మనం అజ్ఞానంగా నమోదు చేస్తాం. ఏజెన్సీ బళ్లలో సవర పిల్లల విషయంలో ఇది మరింత నిజం. సవరలో చెప్పనివ్వాలి. ఉపాధ్యాయుడికి రాకపోతే తోటి పిల్లవాడు తెలుగు చేసి చెబుతాడు.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. వాటిని దాచిపెడితే మరో మూఢనమ్మకం తయారవుతుంది. మొదటిది, మనసులో జరిగేదంతా మాటలకి అందదు. లోపలి మాట కుదించుకుపోయి, తునకలుగా వుంటుందని వైగోట్స్కీ 1934లో వెలువడిన 'ఆలోచన - భాష'లో వివరించాడు. దాన్ని బయటి మాటగా విప్పినప్పుడు అది కొంత మారిపోతుంది. రెండోది, 'ఎందుకలా అనుకున్నావు?' అని అడిగితే మనిషి నిజమైన కారణం బదులు నమ్మదగ్గ కారణం అల్లి చెబుతాడు. నిస్‌బెట్, విల్సన్ 1977లో ఈ హెచ్చరిక గట్టిగా చేశారు. అందుకే 'ఎందుకు' అని గుచ్చకుండా, 'ఏమనుకుంటున్నావు' దగ్గరే ఆగాలి. మూడోది మాకు సంబంధించింది. వినేవాడూ, మార్కులు వేసేవాడూ ఒకడే. పిల్లవాడు నా మొహం చదివి నాకు నచ్చే మాట చెబుతాడు. బిడియపడే పిల్లలకీ, ముఖ్యంగా ఆడపిల్లలకీ ఒంటరిగా మాస్టారి ఎదుట కూర్చోవటమే కష్టం. వాళ్లను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి ఒకరు చదువుతుంటే ఒకరు వినేటట్టు చేస్తే మాట వచ్చింది. నాలుగోది కాలం. ఒక్కొక్కరికి పావుగంట పడుతుంది. నలభైమంది తరగతిలో అందరినీ వినాలంటే పది గంటలు. దొరికేది రోజుకొక పీరియడు. వారానికి ఇద్దరినో ముగ్గురినో వినగలిగాను. అంతే.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం వేరే వుంది. ఇది మంచి పద్ధతి అని పైవాళ్లకి తెలిస్తే రేపు ఒక ఉత్తర్వు వస్తుంది. 'ఊహించాడు - 2 మార్కులు, జీవితానికి అన్వయించాడు - 2 మార్కులు' అని ఒక పట్టిక వస్తుంది. దాన్ని సెల్‌ఫోన్ యాప్‌లో నింపమంటారు. మరుసటి నెలకి 'పైకి ఆలోచించటం - నమూనా జవాబులు' అని బజారులో గైడు వస్తుంది. నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చినప్పుడు పిల్లల సొంత ప్రతిస్పందన రాయమన్న చోట అందరూ ఒకే ప్రతిస్పందన రాయటం మనం చూడలేదా? మార్కు ముట్టిన మరుక్షణం ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న మళ్లీ వస్తుంది: తెలియదంటే మార్కులు పోవా? తెలియదని చెప్పే స్వేచ్ఛ లేనిచోట పైకి వచ్చేది ఆలోచన కాదు, అప్పజెప్పటమే. కనుక దీనికి మార్కులు వుండకూడదు. దీని ఫలితం పిల్లవాడి ప్రోగ్రెసు కార్డులోకి కాక ఉపాధ్యాయుడి పాఠంలోకి వెళ్లాలి.

రచయితలు కూడా దీన్ని చేసి చూడాలని నా కోరిక. మన సభల్లో కథ చదివి, చర్చించి, మనలో మనం ఒప్పుకుంటాం. ఎవరి కోసం రాశామంటున్నామో వాళ్లలో ఒకరి పక్కన కూర్చుని, పేరా పేరాకీ ఆపి, ఏమనుకుంటున్నావని అడిగి, సంజాయిషీ ఇవ్వకుండా వినటం మనలో ఎంతమంది చేశారు? ప్రజలకి అర్థమయ్యేట్టు రాయాలన్న చర్చ కొన్ని తరాలుగా సాగుతున్నది. అర్థమయిందో లేదో వినే పని ఇంకా మొదలుకాలేదు.

నెల తర్వాత వేరే కథ ఇచ్చి మళ్లీ విన్నాను. ఆ అమ్మాయి రెండో పేరాలోనే ఆగి, వేలు పెట్టి, 'ఈ మాట నాకు తెలీదు మాస్టారూ' అంది. అటూ ఇటూ వాక్యాలు మళ్లీ చదివి ఒక అర్థం ఊహించింది. తప్పు ఊహే. కానీ అది ఆమె సొంతం.

కుర్రవాడు ఇప్పటికీ సాయంత్రాలు వెనకబడినవాళ్ల జట్టులో గుణింతాలు దిద్దుతున్నాడు. వాడి పేరు ఎదుట నేను రాసిన మాట మార్చుదామని పట్టిక తీశాను. అందులో రెండే గడులున్నాయి: 'చదవగలడు', 'చదవలేడు'. వాడు రాముడి గురించి అన్నమాట రాయటానికి ఆ కాగితంలో చోటు లేదు. అందుకని ఇక్కడ రాశాను.